లీడ్స్‌లో సినిమా హాళ్లు, అంగడి వీధులు: ఏవి చూడాలి, ఎక్కడ దిగాలి

ఇంగ్లండ్ చూడ్డానికి వచ్చే మన వాళ్ల జాబితాలో లీడ్స్ పేరు అరుదుగా కనిపిస్తుంది. లండన్, ఆక్స్‌ఫర్డ్, పైకి వెళ్తే యార్క్, ఎడిన్‌బరో. పిల్లలు అక్కడి యూనివర్సిటీలో చదువుతుంటే తప్ప లీడ్స్‌లో దిగేవాళ్లు తక్కువ. మేం దిగాం. మా వారికి అక్కడ ఆఫీసు పని పడింది. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యని ఇంట్లో ఒక్కరినే వదలలేక ముగ్గురం కలిసి బయల్దేరాం. ఆయన పనిలో ఉంటే నేనూ అత్తయ్యా ఊరు తిరిగాం. ఆవిడకి సినిమా హాళ్లంటే ప్రాణం, బజార్లంటే అంతకన్నా ఇష్టం. మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి మెట్లు, కూర్చునే చోట్లు, బాత్రూములు కూడా చూసుకుంటూ తిరగాల్సి వచ్చింది. పెద్దవాళ్లని వెంటబెట్టుకు వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఆ వివరాలు కూడా రాస్తున్నాను.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి నేరుగా వచ్చే రైలు సుమారు రెండుంబావు గంటల్లో లీడ్స్ చేరుస్తుంది. స్టేషన్ బయట సిటీ స్క్వేర్ అనే చౌరస్తా ఉంటుంది. అక్కడే ఎదురుగా మెరిసే తెల్లటి పింగాణి పలకల భవనం ఒకటి కనిపిస్తుంది, అదే మెజెస్టిక్. 1922 జూన్‌లో సినిమా హాలుగా తెరిచారు, సుమారు రెండున్నర వేల మంది పట్టేదట. 1969లో సినిమాలు ఆగిపోయాయి. తరవాత బింగో ఆడే హాలు, ఆ తరవాత నైట్‌క్లబ్బు. 2014లో అగ్నిప్రమాదంలో లోపలంతా కాలిపోయింది. బయటి గోడలు నిలబడ్డాయి కాబట్టి వాటిని అలాగే ఉంచి లోపల ఆఫీసులు కట్టారు. 2021లో ఛానల్ 4 టీవీ వాళ్లు తమ జాతీయ ప్రధాన కార్యాలయాన్ని అందులో తెరిచారు. బయట నిలబడి చూడటమే తప్ప మనలాంటి వాళ్లకి లోపల చూసేదేమీ లేదు. అయినా చూడాలి. ఆ పలకలు లీడ్స్‌లోనే, బర్మన్‌టాఫ్ట్స్ అనే పేటలోని బట్టీల్లో కాల్చినవి. కాసేపట్లో ఊరి మధ్య ఆర్కేడ్లలో, అంటే గాజు కప్పు వేసిన షాపుల సందుల్లో, కూడా అదే పనితనం కనిపిస్తుంది. సినిమా హాలుకీ, షాపుల వీధికీ ఒకే బట్టీ నుంచి సొగసు వచ్చిందన్నమాట.

అదే చౌరస్తాలో స్టేషన్‌ని ఆనుకుని 1937లో రైల్వే కంపెనీ కట్టించిన క్వీన్స్ హోటల్ ఉంది. దాని పక్కనే 1938లో న్యూస్ థియేటర్ ఒకటి తెరిచారు. రైలు కోసం ఎదురుచూసేవాళ్లు టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లి న్యూస్‌రీళ్లు చూసేవాళ్లు. ఇప్పుడది సినిమా హాలు కాదు.

మొదట వెళ్లాల్సింది మాత్రం లీడ్స్ బ్రిడ్జికి. స్టేషన్ నుంచి పావుగంట నడక, దారంతా చదునే. ఏర్ నది మీద ఇనుప వంతెన, చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. 1888 అక్టోబరులో లూయీ లె ప్రాన్స్ అనే ఫ్రెంచివాడు ఈ వంతెన పక్కన ఒక ఇనుప సామాన్ల కొట్టు కిటికీలోంచి, తను స్వయంగా తయారుచేసిన ఒంటి లెన్సు కెమెరాతో, కింద పోతున్న గుర్రపు బళ్లనీ మనుషుల్నీ చిత్రీకరించాడు. సినిమాకి ఆద్యులని అందరూ చెప్పే ఎడిసన్, లూమియేర్ సోదరుల కన్నా కొన్నేళ్ల ముందు. అదే నెలలో ఊరి చివర రౌండ్‌హేలో అత్తమామల ఇంటి తోటలో ఇంట్లోవాళ్లు నడుస్తుంటే తీసిన దృశ్యం, ఇప్పుడు మిగిలి ఉన్న చలనచిత్రాల్లో అన్నిటికన్నా పాతదని చెబుతారు. నిండా మూడు సెకన్లు కూడా ఉండదు. అందులో కనిపించే అత్తగారు సారా విట్లీ ఆ నెల 24న చనిపోయింది. అది అంతకు ముందే తీశారని తెలియడానికి ఆమె మరణం తేదీయే ఆధారం. రెండేళ్ల తరవాత, 1890 సెప్టెంబరులో, లె ప్రాన్స్ ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో పారిస్ వెళ్లే రైలెక్కాడు. ఆ తరవాత మళ్లీ ఎవరికీ కనబడలేదు.

వంతెన దగ్గర గోడ మీద నీలం పలక ఒకటి తప్ప ఇంకేమీ పెట్టలేదు. పక్కనే హోరున ట్రాఫిక్. ఒక చిన్న గది, ఒక తెర, ఆ రెండు సెకన్ల దృశ్యం తిరుగుతూ ఉంటే ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి చూస్తారు. అంత పెద్ద సంగతికి ఇంత చిన్న గుర్తు చాలదని నాకు గట్టిగా అనిపించింది. వెళ్లే ముందు ఫోన్లో ఆ రెండు దృశ్యాలూ దించుకుని, వంతెన మీదే నిలబడి చూడండి. అత్తయ్య మూడుసార్లు చూశారు. "వీళ్లంతా సంతకే కదమ్మా పోతున్నారు" అన్నారు.

నిజంగానే ఆ దారి సంతకే. వంతెన నుంచి నేరుగా పైకి వెళ్లేది బ్రిగేట్, ఊరికి ప్రధాన అంగడి వీధి. 1207లో మారిస్ పేనెల్ అనే ప్రభువు ఇచ్చిన పత్రంతో లీడ్స్ పట్టణంగా మొదలైంది. అప్పుడే ఈ వీధికి రెండు పక్కలా వెడల్పు తక్కువ, పొడవెక్కువ ఉండే స్థలాలు కొలిచి పంచారు. ఉన్ని బట్టల సంత మొదట వంతెన మీదే జరిగేది, 1684లో బ్రిగేట్ మీదికి మార్చారు. వీధి ముఖాన ఇల్లో సత్రమో, వెనక పొడవాటి పెరడు. జనం పెరిగేకొద్దీ ఆ పెరళ్లలో పనిశాలలు, గుర్రపుశాలలు, గుడిసెలు నిండాయి. ఆ పెరళ్ల ఆకారం ఇప్పటికీ చెరిగిపోలేదు. తెలుసుకోవాలంటే విట్‌లాక్స్ ఉన్న సందులోకి వెళ్లాలి. 1715 నుంచీ ఉన్న పానశాల అది. తాగనివాళ్లు కూడా సందు చివరిదాకా నడిచి రావచ్చు, మధ్యాహ్నం భోజనం కూడా దొరుకుతుంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి దారివ్వాలి, అంత ఇరుకు.

ఈ సందు చూసి ఆర్కేడ్లలోకి వెళ్తే అసలు సంగతి బోధపడుతుంది. ఒకప్పటి పెరళ్ల మీదే పైన గాజు కప్పు, కింద రాతి నేల, రెండు పక్కలా షాపులు పెట్టారు. మొదటిది 1878లో వచ్చిన థోర్న్‌టన్స్ ఆర్కేడ్. కట్టించిన చార్లెస్ థోర్న్‌టన్ బట్టల వ్యాపారి కాదు, పాటలూ ఆటలూ నడిపే సిటీ వెరైటీస్ మ్యూజిక్ హాలు యజమాని. 1865 నాటి ఆ హాలు ఇప్పటికీ పక్క సందులో నడుస్తోంది. అందుకేనేమో ఆర్కేడ్ చివర పెద్ద గడియారం పెట్టి, రాబిన్ హుడ్, సింహహృదయుడు రిచర్డ్ రాజు, ఇంకా ఇద్దరు నిలువెత్తు బొమ్మల్ని దాని చుట్టూ నిలబెట్టాడు. పావుగంటకోసారి గంట మోగుతుంది. జనం తలెత్తి చూస్తారు, చూసినవాళ్లు ఆగుతారు, ఆగినవాళ్లు షాపులోకి వెళ్తారు. తెర ఎత్తి జనాన్ని కూర్చోబెట్టడం తెలిసినవాడు చేసిన పని అది.

1889లో క్వీన్స్ ఆర్కేడ్, 1890లు ముగిసేలోగా గ్రాండ్ ఆర్కేడ్ వచ్చాయి. తరవాత అన్నిటికన్నా ఘనమైన కౌంటీ ఆర్కేడ్. దీని రూపశిల్పి ఫ్రాంక్ మాచమ్. బ్రిటన్‌లో నాటకశాలలు కట్టడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. పక్కనే ఎంపైర్ ప్యాలెస్ అనే నాటకశాల కూడా ఆయనే 1898లో కట్టాడు. అంటే నాటకం ముగిసి బయటికొచ్చిన ప్రేక్షకుడు ఇంకో రంగస్థలంలోకి అడుగుపెట్టేవాడన్నమాట. గోపురాల లోపల మొజాయిక్ బొమ్మలు, పాలరాతి స్తంభాలు, పింగాణి పూలూ పళ్లూ. ఎంపైర్‌ని 1961లో మూసి కూలగొట్టారు. ఆర్కేడ్ మాత్రం నిలిచింది. 1990లో పక్కనున్న క్వీన్ విక్టోరియా వీధిని కూడా కలిపి, దాని మీద బ్రయన్ క్లార్క్ చేసిన రంగుటద్దాల కప్పు వేసి విక్టోరియా క్వార్టర్ అని పేరు పెట్టారు. ఎంపైర్ ఉన్న చోటుకి 1996లో ఖరీదైన సరుకులమ్మే హార్వే నికల్స్ షాపు వచ్చింది, లండన్ బయట వాళ్ల మొదటి షాపు అదే.

ధరల సంగతి చెప్పాలంటే, అక్కడ కొనడం మా వల్ల కాదు. చూడ్డానికి మాత్రం పైసా ఖర్చు లేదు, ఎవరూ అడ్డు చెప్పరు. ఎండ కాసే పూట వెళ్లండి, క్లార్క్ అద్దాల రంగులు నేల మీద పడతాయి. మబ్బు పట్టిన రోజు వెళ్తే సగం అందమే దక్కుతుంది. మేం రెండు రకాలూ చూశాం, తేడా చాలా ఉంది. నేలంతా చదును, మధ్యమధ్య బెంచీలున్నాయి. మంచి బాత్రూములు కావాలంటే ఇక్కడ వెతక్కుండా అదే వీధికి దగ్గర్లో ఉన్న ట్రినిటీ లీడ్స్ మాల్‌కి వెళ్లడం మేలు. 2013లో వచ్చిన ఆ మాల్‌కి నేనైతే అంతకు మించి సమయం ఇవ్వను. గాజు గోపురం బాగుంటుంది, షాపులు మాత్రం ఏ ఊళ్లోనైనా ఉండేవే.

అత్తయ్య మనసు పడింది కర్క్‌గేట్ మార్కెట్ మీద. వికర్ లేన్ వైపు ముఖద్వారం 1904 నాటిది. లోపల ఇనుప స్తంభాలు, పై వరండాని మోస్తున్నట్టు రెక్కల సర్పాల బొమ్మలు, వాటికి ముదురు రంగులు. 1975 డిసెంబరులో పెద్ద మంట లేచి వెనక హాళ్లు చాలావరకు పోయాయి. ముందు హాలు బతికింది. వెనక భాగం ఇప్పుడు రేకుల షెడ్డులాగే ఉంటుంది, కానీ వ్యాపారం అక్కడే ఎక్కువ. చేపలు, కూరగాయలు, బట్టలు, దారాలు, గుండీలు, కరివేపాకు, పచ్చిమిరప, బెండకాయ, కంద. అత్తయ్యకి భాష రాకపోయినా బేరం సాగింది. చేపలమ్మేవాళ్లు ఓపిగ్గా చూపించారు, ముక్కలు కోసిచ్చారు.

1884లో ఇక్కడే మైకేల్ మార్క్స్ అనే యూదు యువకుడు బల్ల ఒకటి వేసుకుని అమ్మకం మొదలుపెట్టాడు. రష్యా సామ్రాజ్యంలోని స్లోనిం నుంచి వలస వచ్చాడు, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఐజాక్ డ్యూహర్స్ట్ అనే వ్యాపారి దగ్గర ఐదు పౌండ్లు అప్పు తీసుకున్నాడు. బల్ల మీద "ధర అడగకండి, ఒక్క పెన్నీ" అని రాసిపెట్టాడు. భాష సరిగ్గా రాని మనిషికి బేరం అక్కర్లేని బోర్డు ఎంత అండో ఆలోచించండి. 1894లో థామస్ స్పెన్సర్ తోడయ్యాడు. మార్క్స్ అండ్ స్పెన్సర్ పుట్టింది అలా. ఆ కంపెనీ మార్కెట్‌లో గడియారం పక్కన చిన్న జ్ఞాపక దుకాణం నడుపుతోంది. ఇంకా తెలుసుకోవాలనుకునేవాళ్లు లీడ్స్ యూనివర్సిటీ ఆవరణలోని మైకేల్ మార్క్స్ భవనానికి వెళ్లవచ్చు. అక్కడ కంపెనీ పాత వస్తువుల ప్రదర్శన ఉంది, ప్రవేశం ఉచితం. గంట చాలు. మార్కెట్‌కి ఆదివారం వెళ్లకండి.

మార్కెట్‌కి దగ్గర్లోనే కార్న్ ఎక్స్ఛేంజ్. కత్‌బర్ట్ బ్రాడ్రిక్ 1860ల మొదట్లో ధాన్యం వ్యాపారుల కోసం కట్టిన కోడిగుడ్డు ఆకారపు భవనం. ఇప్పుడు చిన్నచిన్న షాపులు. కప్పు చూడ్డానికి పది నిమిషాలు ఆగితే సరిపోతుంది. కింది అంతస్తుకి మెట్లున్నాయి, అత్తయ్యని పైనే కూర్చోబెట్టాను.

బ్రిగేట్ పై చివర హెడ్‌రో అనే వెడల్పాటి వీధి అడ్డంగా వస్తుంది. ఆ మూల మీద 1932 ఫిబ్రవరిలో పారమౌంట్ హాలు తెరిచారు. ఇదీ రెండున్నర వేల సీట్లదే. 1940లో ఒడియన్ అయింది. 1963లో బీటిల్స్ వచ్చి ఇక్కడ పాడారు. 2001లో మూసేశారు, ఆ తరవాత షాపులయ్యాయి. బయటి ఆకారం అలాగే ఉంది. ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడితే సినిమా హాలని ఇట్టే తెలిసిపోతుంది. లోపలికెళ్తే బట్టల హ్యాంగర్లు. అత్తయ్య చాలాసేపు దాన్నే చూసి, "మా పెళ్లయిన కొత్తలో మీ మావయ్య తీసుకెళ్లిన హాలు కూడా కల్యాణ మండపం అయిపోయింది. గోడలు మాత్రం ఇలాగే ఉంచారు" అన్నారు.

ముఖభాగాన్ని కాపాడితే చరిత్ర కాపాడినట్టేనని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కూలగొట్టడం కన్నా నయమే, మెజెస్టిక్ పలకలు మిగిలినందుకు నాకు సంతోషమే. కానీ హాలంటే గోడ కాదు. ముక్కూమొహం తెలియని ఐదొందల మంది ఒకే చీకట్లో కూర్చుని ఒకేసారి నవ్వడం. అది పోయాక మిగిలేది చిరునామా. అది పోకుండా నిలిచిన హాళ్లు లీడ్స్‌లో ఉన్నాయి. ఈ ఊరికి రమ్మని నేను చెప్పేది వాటి కోసమే.

ముందు బస సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ హాళ్లు ఊరి మధ్యలో లేవు. మొదట మేం స్టేషన్‌కి దగ్గర్లో ఒక చవక చెయిన్ హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, మంచం బాగుంది. కింద వీధంతా బార్లు, శుక్రవారం రాత్రి రెండు దాటినా పాటలూ కేకలూ ఆగలేదు. ఒక సాయంత్రం లిఫ్ట్ పనిచేయలేదు, అత్తయ్య మూడంతస్తులు ఆగి ఆగి ఎక్కారు. కౌంటర్లో ఉన్న అబ్బాయి క్షమాపణ చెప్పాడు గానీ కింది అంతస్తులో గది ఇవ్వలేకపోయాడు. ఒక్క రాత్రి ఉండి పొద్దున్నే రైలెక్కేవాళ్లకి ఆ చోటు సరిపోతుంది. పెద్దవాళ్లతో వెళ్తే వద్దు. వద్దంటే శుక్ర, శనివారాలు అసలే వద్దు.

తరవాత హెడింగ్లీకి మారాం. యూనివర్సిటీ దాటాక వచ్చే పేట, ఎర్ర ఇటుకల పాత ఇళ్లు, పెద్ద చెట్లు. ఒక పాత ఇంటిని గెస్ట్‌హౌస్‌గా మార్చారు. కింద గది కావాలని ముందే ఫోన్ చేసి అడిగితే ఇచ్చారు. ఇంటావిడ పొద్దున్నే అత్తయ్య కోసం గుడ్డు లేని టిఫిన్ విడిగా చేసిపెట్టింది, వేడినీళ్ల ఫ్లాస్కు గదికే పంపింది. అద్దె హోటల్ కన్నా కొంచెం ఎక్కువ, నిద్ర మాత్రం రెట్టింపు. అక్కడి స్టేడియంలో క్రికెట్ మ్యాచ్‌లున్న రోజుల్లోనూ, జులైలో యూనివర్సిటీ పట్టాల పండగప్పుడూ గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. ఆ తేదీలు చూసుకుని బుక్ చేయండి.

లీడ్స్‌లో మెట్రో లేదు, ట్రామ్‌లు 1959లోనే ఆపేశారు. అంతా బస్సుల మీదే. హెడింగ్లీ నుంచి ఊళ్లోకి బస్సులు వెంటవెంటనే ఉంటాయి, ముందు మెట్టు తక్కువ ఎత్తు, డ్రైవర్లు పెద్దవాళ్లు కూర్చునేదాకా ఆగుతారు. సాయంత్రం ఐదింటప్పుడు మాత్రం బస్సు కదలదు. సినిమాకి వెళ్లే రోజు అరగంట ముందే బయల్దేరండి.

ఇక హైడ్ పార్క్ పిక్చర్ హౌస్. హెడింగ్లీకీ యూనివర్సిటీకీ మధ్య బ్రూడెనెల్ రోడ్డు మూల మీద ఉంది. విద్యార్థుల పేట. మన పిల్లలు చాలామంది ఆ చుట్టుపక్కల ఇళ్లలోనే గదులు పంచుకుని ఉంటారు. హిందూ దేవాలయం కూడా అదే పేటలో అలెగ్జాండ్రా రోడ్డులో ఉంది. మేం ముందు గుడికి వెళ్లి, అక్కణ్నుంచి హాలుకి నడిచాం. గుళ్లో కలిసిన ఒక విజయవాడ అబ్బాయి దారి చూపించడానికి వెంట వచ్చాడు. "రోజూ దీని ముందు నుంచే కాలేజీకి వెళ్తానండి, లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు" అన్నాడు. అతనికీ టికెట్టు తీశాం.

ఈ హాలు 1914 నవంబరు 7న తెరిచారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై అప్పటికి మూడు నెలలు. మూల మీద స్తంభాల ప్రవేశద్వారం, బయట పాత దీపస్తంభం. లోపల పెద్ద హాలు, వంపు తిరిగిన బాల్కనీ, గోడల మీద గ్యాసు దీపాలు. గ్యాసు దీపాలు ఇంకా వెలుగుతున్న సినిమా హాలు ప్రపంచంలో ఇదొక్కటేనని చెబుతారు. సినిమా నడుస్తున్నంతసేపూ అవి సన్నగా వెలుగుతూనే ఉంటాయి. నిండు చీకట్లో ఆకతాయి పనులు జరగకూడదని ఆ రోజుల్లో పెట్టారట. మొదట్లో కళ్లకి కొంచెం అడ్డమవుతాయేమో అనుకున్నాను. ఐదు నిమిషాలకి మరిచిపోయాను. పైగా అత్తయ్య మధ్యలో లేచి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ వెలుతురే మెట్టు చూపించింది.

ఈ హాలు ఊరికే నిలవలేదు. 1980ల చివర మూతపడే పరిస్థితి వస్తే 1989లో నగర కౌన్సిల్ ముందుకొచ్చి నిలబెట్టింది. ఇప్పుడు సిటీ వెరైటీస్‌నీ, గ్రాండ్ థియేటర్‌నీ చూసుకునే ట్రస్టే దీన్నీ చూసుకుంటుంది. 2020లో మూసి, జాతీయ లాటరీ నుంచి వచ్చిన నిధుల సాయంతో పెద్ద మరమ్మతు చేసి, 2023 జూన్ చివర మళ్లీ తెరిచారు. ఆ మరమ్మతు చేసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. పాత హాలుని ముట్టుకోకుండా, నేలమాళిగలో రెండో చిన్న తెర పెట్టారు. పక్కకి ఒక గది పెంచి కేఫ్, వీల్‌చెయిర్ వెళ్లే దారి, కొత్త బాత్రూములు ఏర్పాటు చేశారు. ఒక్క తెరతో ఈ రోజుల్లో ఏ హాలూ గిట్టుబాటు కాదు, అందుకే రెండోది. పాత హాళ్లని ఏం చేయాలో తెలియక మూసేసేవాళ్లెవరైనా ఒకసారి వచ్చి చూడాల్సిన పని.

టికెట్టు ధర మల్టీప్లెక్సు కన్నా ఎక్కువేమీ కాదు. మేం పగటి ఆట చూశాం, సగం నిండింది. ఆట మొదలయ్యే ముందు ఒకమ్మాయి తెర ముందుకొచ్చి రెండు మాటల్లో స్వాగతం చెప్పింది. టీ చక్కటి కప్పులో ఇచ్చారు, లోపలికి పట్టుకెళ్లనిచ్చారు. పాప్‌కార్న్ తక్కువ, కేకులు ఎక్కువ. సీట్లు మెత్తగా ఉన్నాయి, పొడుగు కాళ్లవాళ్లకి బాల్కనీలో కొంచెం ఇరుకు. పైకి మెట్లే కాబట్టి మేం కిందే కూర్చున్నాం. తమిళ, మలయాళ, హిందీ సినిమాలు ఇలాంటి హాళ్ల పండగల్లో అప్పుడప్పుడు పడతాయి. మన కొత్త తెలుగు సినిమాలకి మాత్రం ఊళ్లో మల్టీప్లెక్సులే దిక్కు. ఆ విజయవాడ అబ్బాయి ఆట అయ్యాక సభ్యత్వం ఎంతని కౌంటర్లో అడిగాడు. ఈ యాత్రలో నాకు బాగా సంతోషం కలిగించిన మాట అదే.

రెండోది కాటేజ్ రోడ్ సినిమా, హెడింగ్లీకి ఇంకొంచెం పైన. 1912 జులైలో తెరిచారు, ఒక పెద్దింటి బళ్ల షెడ్డుని హాలుగా మార్చారు. అప్పటి నుంచీ సినిమాలే వేస్తున్న ఈ హాలే లీడ్స్‌లో అన్నిటికన్నా పాతది. బయటి నుంచి చూస్తే ఏమంత గొప్పగా ఉండదు, చిన్న వీధిలో ఇళ్ల మధ్య ఒదిగిపోయి ఉంటుంది. ఒకటే తెర. ఇది ట్రస్టుదీ కాదు, కౌన్సిల్‌దీ కాదు, చిన్న ప్రైవేటు సంస్థ టికెట్ల డబ్బుతో నడుపుతోంది. కొత్త సినిమాలు వేస్తారు, నెలకోసారి పాత క్లాసిక్ వేసి ముందు ఆ కాలపు ప్రకటనలు కూడా చూపిస్తారు. ఆ రాత్రికి టికెట్లు ముందే అయిపోతాయి, మాకు దొరకలేదు. మామూలు ఆటకి వెళ్లాం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు నడిచి వచ్చారు, కౌంటర్లోని ఆయన సగం మందిని పేరుపెట్టి పలకరించాడు. ఇలాంటి అండలేని హాలు దగ్గర్లోనే నార్త్ లేన్‌లో ఇంకోటి ఉండేది, లాంజ్ అని, 1916 నాటిది. 2005లో మూతపడింది. కాబట్టి రెండిట్లో ఒక్కదానికే సమయం ఉంటే అందం కోసం హైడ్ పార్క్‌కి వెళ్లమంటాను, రెండు పూటలుంటే రెండో టికెట్టు డబ్బు కాటేజ్ రోడ్‌కి ఇవ్వమంటాను.

పోల్చి చూద్దామని ఊరి మధ్యలో ఒక మల్టీప్లెక్సుకి కూడా వెళ్లాం. టికెట్టు ఇవ్వడానికి మనిషి లేడు, మెషీన్లే. అత్తయ్య కార్డు పెట్టే చోటు వెతుకుతుంటే వెనక వరస పెరిగింది. ప్రకటనలు అరగంట. తెరా శబ్దమూ మాత్రం గొప్పగా ఉన్నాయి, భారీ సినిమా అయితే అక్కడే చూడాలి. ట్రినిటీలో ఎవ్రీమాన్ అనే హాలు ఉంది. సోఫాల్లో కూర్చోబెట్టి తిండి దగ్గరికే తెచ్చిస్తారు. పెళ్లిరోజులాంటి సందర్భానికి బాగుంటుంది, టికెట్టు ఖరీదే.

తిండికి ఇబ్బంది పడలేదు. స్టేషన్ పక్కన మిల్ హిల్ వీధిలో కేరళ భోజనం పెట్టే తరవాడు ఉంది, దోసెలు, చేపల పులుసు బాగున్నాయి. సాయంత్రాలు ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు కష్టం. అదే వీధిలో పూర్తి శాకాహారం పెట్టే బండోబస్ట్ ఉంది. వడాపావ్, భేల్ లాంటివి చిన్న గిన్నెల్లో ఇస్తారు, రుచిగా ఉంటాయి. కడుపు నిండాలంటే మాత్రం నాలుగైదు తెప్పించుకోవాలి. కర్క్‌గేట్ మార్కెట్ లోపలి తిండి కౌంటర్లు అన్నిటికన్నా చవక.

ఒక పూట మిగిలితే బ్రాడ్‌ఫర్డ్ వెళ్లండి, రైల్లో పాతిక నిమిషాల లోపే. అక్కడి నేషనల్ సైన్స్ అండ్ మీడియా మ్యూజియంలోనే లె ప్రాన్స్ ఒంటి లెన్సు కెమెరా ఉంది. ప్రవేశం ఉచితం, లిఫ్టులున్నాయి, కేఫ్ ఉంది. మేం అక్కడికి చివరి రోజు, మూసేవేళకి దగ్గరగా చేరి హడావుడిగా తిరిగాం. మీరు పొద్దున్నే వెళ్లండి. వీలైతే లీడ్స్ బ్రిడ్జి చూసిన మర్నాడే పెట్టుకోండి, వంతెన మీద చూసిన ఆ రెండు సెకన్లు ఇంకా కళ్లలో ఉండగానే.